1939కి ఒక్క పోస్టర్ చాలదు

సంపాదకులు గారికి,

నమస్కారం.

గత ఆదివారం మీ సినిమా పేజీలో హాలీవుడ్‌కి బంగారు సంవత్సరం 1939 అంటూ వేసిన వ్యాసం చూసి చాలా సంతోషపడ్డాను. ఎనభై ఏళ్లు దాటిపోయిన ఇంగ్లిష్ సినిమాలకు ఒక తెలుగు పత్రిక ముప్పావు పేజీ ఇవ్వడం ఈ రోజుల్లో చిన్న విషయం కాదు. కానీ చదవడం అయ్యాక ఒక వెలితి ఉండిపోయింది. ఆ ముప్పావు పేజీలో సగానికి పైగా ఒకే సినిమా, 'గాన్ విత్ ది విండ్'. పోస్టర్ కూడా దానిదే. మిగతావన్నీ చివర్లో 'ఇంకా' అన్న మాట తర్వాత కామాలు పెట్టి వరసగా పేర్చేశారు. ఆ కామాల మధ్య ఇరుక్కుపోయిన సినిమాల కోసమే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అవుతుంది, వీలైతే కోయకుండా వేయండి.

ఈ సినిమాలు నాకు పుస్తకాల్లోంచి తెలిసినవి కావు. 1990ల్లో మా వీధికి కేబుల్ వచ్చిన కొత్తలో పగలు కార్టూన్ నెట్‌వర్క్ వచ్చే ఛానెల్లోనే రాత్రికి టీఎన్‌టీ అనే పాత ఇంగ్లిష్ సినిమాల ఛానెల్ వచ్చేది. టామ్ అండ్ జెర్రీ అయిపోయి, కాసేపటికి ఎంజీఎం సింహం గర్జించి, నలుపు తెలుపు బొమ్మ మొదలయ్యేది. చాలా ఇళ్లలో అక్కడితో ఛానెల్ మార్చేసేవాళ్లు. మా అన్నయ్యా నేనూ మార్చేవాళ్లం కాదు. సబ్‌టైటిల్స్ లేవు, వాళ్ల ఇంగ్లిష్ వేగం మాకు అందేది కాదు, అయినా మొహాలు చూసి కథ పట్టుకునేవాళ్లం, పట్టుకోలేనిది మర్నాడు ఇద్దరం కలిసి కల్పించుకునేవాళ్లం. ఎంజీఎం పాత సినిమాల లైబ్రరీ మొత్తాన్ని టెడ్ టర్నర్ 1986లో కొనుక్కున్నాడనీ, అందుకే ఆయన ఛానెల్లో అవన్నీ అలా వచ్చేవనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మాకు నచ్చినవాటిలో ఇన్ని సినిమాలు ఒకే ఏడాదివని తెలిసింది కూడా అప్పుడే. ఒక్కోదాని పక్కన సంవత్సరం చూసుకుంటూ పోతే 1939, 1939, మళ్లీ 1939.

ఆ ఏడాది ఎంత నిండుగా ఉందో చెప్పడానికి ఆస్కార్ జాబితా చాలు. అప్పట్లో ఉత్తమ చిత్రం పోటీకి పది సినిమాలను ఎంపిక చేసేవారు. 'గాన్ విత్ ది విండ్', 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్', 'స్టేజ్‌కోచ్', 'మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్', 'నినోచ్కా', 'వుదరింగ్ హైట్స్', 'గుడ్‌బై మిస్టర్ చిప్స్', 'డార్క్ విక్టరీ', 'లవ్ ఎఫైర్', 'ఆఫ్ మైస్ అండ్ మెన్'. (నేనూ కామాలే పెట్టాను, కానీ ఇక్కడితో ఆగను.) ఈ పదికి బయట మిగిలిపోయినవాటిని చూడండి. విమానాలు నడిపేవాళ్ల మీద హోవర్డ్ హాక్స్ తీసిన 'ఓన్లీ ఏంజెల్స్ హావ్ వింగ్స్', తెర మీద ఒక్క మగ మనిషి కూడా కనిపించని 'ది విమెన్', చార్లెస్ లాటన్ గూనివాడిగా వేసిన 'ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్', జాన్ ఫోర్డ్ 'యంగ్ మిస్టర్ లింకన్'. జాన్ ఫోర్డ్ ఆ ఒక్క ఏడాదిలో మూడు సినిమాలు విడుదల చేశాడు. అందులో ఒకటి 'స్టేజ్‌కోచ్'. ఇప్పుడు ఒక పెద్ద దర్శకుడు మూడేళ్లకు ఒకటి తీస్తే వేగంగా తీశాడంటున్నాం.

మీ వ్యాసంలో ఇదంతా ఏదో అదృష్టం కలిసొచ్చినట్టు రాశారు. అది మాత్రం నేను ఒప్పుకోను. అప్పటి పెద్ద కంపెనీలకు సినిమా తీసే స్టూడియోలూ, అవి ఆడే థియేటర్లూ రెండూ సొంతం. అమెరికాలో వారానికి దాదాపు 8 కోట్ల టికెట్లు తెగే రోజులవి, కాబట్టి థియేటర్‌కి వారం వారం కొత్త బొమ్మ కావాలి. దానికోసం నటులు, కథకులు, కెమెరామన్లు, వడ్రంగులు, దర్జీలు, సంగీతం వాళ్లు అందరూ జీతాల మీద ఒకే ప్రాంగణంలో ఉండేవాళ్లు. మన విజయా సంస్థలో నటులూ టెక్నీషియన్లూ నెల జీతాల మీద పనిచేసిన రోజుల గురించి విన్నవాళ్లకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ఒకే జట్టు ఏడాదికి నాలుగైదు సినిమాలు కలిసి చేస్తే చేయి తిరుగుతుంది. అక్కడ మాటలొచ్చింది 1927లో, అంటే 1939 నాటికి మైకు ఎక్కడ పెట్టాలి, కెమెరాను శబ్దం రాకుండా ఎలా కదపాలి లాంటి తంటాలన్నీ దాటి పన్నెండేళ్ల అనుభవం వచ్చేసింది. రంగుల కెమెరా కూడా అప్పుడప్పుడే అదుపులోకి వచ్చింది. పైగా యూరప్ నుంచి వచ్చినవాళ్లు. దర్శకుడు ఎర్నెస్ట్ లుబిష్‌ది బెర్లిన్, సంగీత దర్శకుడు మ్యాక్స్ స్టైనర్‌ది వియన్నా, ఇంకో దర్శకుడు విలియం వైలర్ పుట్టింది ఫ్రాన్స్, జర్మనీ సరిహద్దులోని ఆల్సేస్‌లో. కొందరు పనికోసం ముందే వచ్చారు. రచయిత బిల్లీ వైల్డర్ లాంటివాళ్లు హిట్లర్ గద్దెనెక్కాక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చారు. బెర్లిన్‌లోనూ వియన్నాలోనూ పండాల్సిన పంట కాలిఫోర్నియాలో పండింది.

సెన్సార్ సంగతి కూడా చెప్పాలి. 1934 నుంచి అక్కడ చాలా కట్టుదిట్టమైన నియమాలు అమల్లోకి వచ్చాయి, ముద్దు ఎంతసేపు అన్నది కూడా లెక్కే. దాంతో రచయితలు చెప్పకూడనిదాన్ని చెప్పకుండా చెప్పడం నేర్చుకున్నారు. నియమాలు మంచివని నేను అనడం లేదు, ఆ తెలివి మాత్రం నాకు ఇష్టం.

ఇప్పుడు 'స్టేజ్‌కోచ్'. 1939 మార్చిలో వచ్చింది. ఒక గుర్రబ్బండి, అందులో తొమ్మిది మంది, దారిలో ప్రమాదం. కథ ఇంతే. జాన్ వేన్ అప్పటికి దాదాపు పదేళ్లుగా చిన్నాచితకా సినిమాల్లోనే ఉండిపోయిన నటుడు. 1930లో పెద్ద సినిమా ఒకటి వచ్చి దెబ్బతినడంతో అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇందులో కూడా అతని పేరు కంటే ముందు క్లెయిర్ ట్రెవర్ పేరే వస్తుంది. అతను మొదటిసారి కనిపించే చోట కెమెరా ఒక్కసారిగా అతని మొహం మీదికి దూసుకుపోతుంది, మధ్యలో క్షణకాలం బొమ్మ మసకబారుతుంది కూడా, ఫోర్డ్ దాన్ని అలాగే ఉంచేశాడు. మన హీరోల ఎంట్రీ షాట్లకు ఈలలు వేసే మనకి ఆ షాట్ విలువ వేరే చెప్పక్కర్లేదు.

కానీ నాకు ఆ సినిమాలో అంతకంటే గొప్ప చోటు భోజనాల బల్ల. క్లెయిర్ ట్రెవర్ వేసిన డాలస్‌ని వేశ్య అని ఊరి పెద్దమనుషుల ఇల్లాళ్లు వెళ్లగొడతారు, ఆమె అదే బండిలో వస్తోంది. దారిలో భోజనానికి ఆగినప్పుడు ఆమె పక్కన కూర్చోవడం ఇష్టం లేక సైనికాధికారి భార్య బల్ల అవతలి కొసకి వెళ్లిపోతుంది. జైలు నుంచి తప్పించుకొచ్చిన జాన్ వేన్ పాత్ర, అది తనను చూసే అనుకుంటుంది. ఎవరూ గట్టిగా ఒక్క మాట అనరు. మన ఊళ్లలో పంక్తిలో మనిషిని చూసి లేచిపోవడం, విస్తరి జరుపుకోవడం ఎరిగినవాళ్లకి ఆ బల్ల దగ్గర ఏం జరిగిందో అమెరికా వాళ్లకంటే బాగా అర్థమవుతుంది. మా అన్నయ్య డీవీడీ కొనుక్కొచ్చి చూపించిన రోజు ఆ సీన్‌ని వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాం. దర్శకుడు ఆర్సన్ వెల్స్ తన మొదటి సినిమా తీసేముందు ఈ సినిమాను పదేపదే వేయించుకుని చూసి సినిమా తీయడం నేర్చుకున్నానని చెప్పుకున్నాడు. తప్పు కూడా చెప్పాలి కదా, ఈ సినిమాలో బండి వెంటపడే అపాచీలకు, అంటే అక్కడి ఆదివాసులకు, మాటలు లేవు, తరమడం ఒక్కటే వాళ్ల పని. వాళ్ల నేల వాళ్లదే అన్న ఆలోచన సినిమాలో ఎక్కడా రాదు. సినిమా తీసిన మాన్యుమెంట్ వ్యాలీ నవాహో అనే ఇంకో ఆదివాసుల భూమి. ఆ ఎర్రరాతి గుట్టలు లోకం మొత్తానికి పరిచయమయ్యాయి, అక్కడ బతికేవాళ్లు కాలేదు.

'మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్' మీ వ్యాసంలో మూడు మాటలు. నాకైతే ఆ ఏడాది మొత్తం మీద ఒకటే సినిమా మిగల్చమంటే ఇదే మిగులుస్తాను. పిల్లల దళం నడుపుకునే ఒక అమాయకుడిని, చెప్పినట్టు వింటాడులే అని అమెరికా పార్లమెంటులో పై సభ అయిన సెనేట్‌కి పంపిస్తారు. ఒక డ్యామ్ పేరు చెప్పి తన రాష్ట్రంలో భూముల మీద కొందరు ఎలా తింటున్నారో అతను కనిపెడతాడు. నోరు విప్పితే అతని మీదే దొంగ కాగితాలు సృష్టించి దొంగని చేస్తారు. ఇక అతనికి మిగిలింది ఒకటే, నిలబడి మాట్లాడుతూనే ఉండడం. సెనేట్ నియమం ప్రకారం అతను కూర్చోనంతవరకు, మాట ఆపనంతవరకు మైకు అతనిదే. గంటలు గడిచే కొద్దీ జేమ్స్ స్టువర్ట్ గొంతు బొంగురుపోయి, చివరికి గాలి తప్ప మాట రాదు. ఆ బొంగురు కోసం అతని గొంతుకు నిజంగానే మందు పూసి వాపు తెప్పించారు. సెనేట్ సభను స్టూడియోలో అచ్చుగుద్దినట్టు కట్టుకున్నారు. ముగింపు కాస్త హడావిడిగా ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను, కానీ దానికి ముందున్న అరగంటకి సాటి వచ్చేది అంతకుముందూ తర్వాతా నేను చూడలేదు.

ఈ సినిమాను 1939 అక్టోబరు 17న వాషింగ్టన్‌లోనే, నిజమైన సెనేటర్ల ముందే వేశారు. వాళ్లు మండిపడ్డారు. మమ్మల్ని దొంగలుగా చూపిస్తారా అని సెనేట్‌లో మెజారిటీ పక్షం నాయకుడు బహిరంగంగానే తిట్టాడు. లండన్‌లో అప్పుడు అమెరికా రాయబారిగా ఉన్న జోసెఫ్ కెన్నెడీ, తర్వాత అధ్యక్షుడైన కెన్నెడీ తండ్రే, ఈ సినిమాను యూరప్‌లో విడుదల చేస్తే అమెరికా పరువు పోతుందని కంపెనీకి రాశాడు. యూరప్‌లో యుద్ధం అప్పుడప్పుడే మొదలైంది. అయినా కంపెనీ వెనక్కి తగ్గలేదు, సినిమా ఆడింది, బాగా ఆడింది. దర్శకుడు ఫ్రాంక్ కాప్రా చిన్నప్పుడే ఇటలీ నుంచి ఓడలో వచ్చిన పేద ఇంటి పిల్లవాడు. తనకు అన్నం పెట్టిన దేశం మీద ప్రేమ ఉన్నవాడే దాన్ని అంత గట్టిగా నిలదీయగలిగాడు.

'నినోచ్కా' గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే నవ్వు గురించి రాస్తే నవ్వు పోతుంది. అంతవరకు తెర మీద ఏడవడమే ఎక్కువగా చేసిన గ్రేటా గార్బోతో లుబిష్ కామెడీ చేయించాడు. 'గార్బో నవ్వుతుంది' అన్న ఒక్క ముక్కతో పోస్టర్లు వేశారు. పారిస్‌లో ఒక మామూలు హోటల్లో మెల్విన్ డగ్లస్ జోకుల మీద జోకులు చెప్పినా ఆమె బిగదీసుకుని కూర్చుంటుంది, చివరికి అతను కుర్చీతో సహా వెనక్కి పడిపోతే అప్పుడు నవ్వుతుంది. మాకు ఆ జోకుల ఇంగ్లిష్ ఒక్కటీ అర్థం కాలేదు, ఆమెతో పాటే నవ్వేశాం.

'ది విజార్డ్ ఆఫ్ ఓజ్' వెనక కష్టం గురించి మీవాళ్లు రాసి ఉంటే బాగుండేది. ఒక దర్శకుడు పోయి ఇంకొకడు, అలా చేతులు మారి మారి విక్టర్ ఫ్లెమింగ్ దగ్గరికి వచ్చింది, ఆయన్ని మధ్యలో 'గాన్ విత్ ది విండ్' సెట్‌కి లాక్కెళ్లారు, మిగిలిన నలుపు తెలుపు భాగం కింగ్ విడోర్ పూర్తిచేశాడు, కానీ తెర మీద పేరు వేసుకోలేదు. రేకు మనిషి వేషానికి ముందు తీసుకున్న నటుడు బడ్డీ ఎబ్సెన్ మొహానికి పూసిన అల్యూమినియం పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి ఆసుపత్రి పాలయ్యాడు. మంత్రగత్తె వేసిన మార్గరెట్ హామిల్టన్‌కి పొగతో మాయమయ్యే సీన్‌లో ఒళ్లు కాలింది. రంగుల్లో తీసే టెక్నికలర్ కెమెరాకు కావలసిన దీపాల వేడికి సెట్ మీద మనుషులు ఉడికిపోయేవాళ్లు. కథానాయిక డోరతీగా వేసిన జూడీ గార్లండ్‌కి అప్పుడు పదహారేళ్లు, పని ఆగకుండా స్టూడియో మాత్రలు ఇచ్చేదని తర్వాతి రోజుల్లో ఆమే చెప్పుకుంది. జీతాల మీద అందరూ ఒకే చోట పనిచేశారని పైన మెచ్చుకున్నాను కదా, ఆ కాంట్రాక్టులు మనుషుల్ని ఎలా కట్టిపడేశాయో కూడా ఇక్కడే తెలుస్తుంది.

ఇంత జరిగాక వచ్చిన సినిమాలో ఒక తలుపు తెరుచుకుంటుంది. గోధుమ రంగు ఇంట్లోంచి డోరతీ అడుగు బయటపెడితే ఎదురుగా రంగుల లోకం. దాన్ని ఒకే షాట్‌లో ఎలా తీశారో చదివి ఆశ్చర్యపోయాను. ఆ గదిని నిజంగానే గోధుమ రంగుతో పూసేశారు. జూడీకి బదులు ఇంకో అమ్మాయికి గోధుమ రంగు గౌను వేసి తలుపు తీయించారు, ఆమె పక్కకు తప్పుకోగానే అసలు జూడీ నీలి గౌనులో ముందుకొచ్చింది. కంప్యూటర్ లేదు, ఏమీ లేదు, ఒక కుంచె, రెండో గౌను. హెరాల్డ్ ఆర్లెన్ బాణీ కట్టిన ఇంద్రధనుస్సు పాటని ప్రివ్యూ తర్వాత కథ నడకకు అడ్డమని తీసేయబోయారు కూడా. పట్టుబట్టి ఉంచారు, అదే పాటకి ఆస్కార్ వచ్చింది. అన్నట్టు ఈ సినిమా ఖర్చు మొదటి విడుదలలో తిరిగి రాలేదు. 1949లో మళ్లీ వేశాక గానీ లాభం చూడలేదు.

ఇక మీరు పోస్టర్ వేసిన సినిమా, అమెరికా అంతర్యుద్ధ కాలం కథ 'గాన్ విత్ ది విండ్'. దాని పనితనాన్ని నేను తక్కువ చేయను. అట్లాంటా రైల్వే స్టేషన్ దగ్గర గాయపడిన సైనికులు నేల మీద పడి ఉంటే, కెమెరా క్రేన్ మీద పైకి పైకి లేస్తూ ఉంటే, చూపు ఆనినంత మేరా మనుషులే. నగరం తగలబడే సీన్ కోసం స్టూడియో స్థలంలో మిగిలిపోయిన పాత సెట్లను నిజంగానే తగలబెట్టారు, 1938 డిసెంబరులో. కానీ ఆ సినిమాలో బానిసలు నవ్వుతూ సేవ చేస్తుంటారు, యజమానుల బాధే బాధగా కనిపిస్తుంది. అది అబద్ధం, ఆనాడే నల్లజాతి పత్రికలు ఆ మాట రాశాయి. మీ వ్యాసంలో ఆ వాక్యం లేదు.

ఆ సినిమాలో వేసిన నల్లజాతి నటి హాటీ మెక్‌డానియెల్ పేరు కూడా లేదు, నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఆమె తల్లిదండ్రులు బానిసత్వంలో పుట్టినవాళ్లు. 1939 డిసెంబరు 15న అట్లాంటాలో మొదటి ఆట వేసినప్పుడు ఊరు ఊరంతా పండగ చేసుకుంది, కానీ అక్కడి వర్ణవివక్ష చట్టాల వల్ల ఆమెకు రావడానికి లేదు. తర్వాత 1940 ఫిబ్రవరి 29న ఆస్కార్ సభ జరిగిన హోటల్లో నల్లవారిని రానివ్వరు. నిర్మాత సెల్జ్‌నిక్ అడిగి అనుమతి తెచ్చుకున్నాడు, అయినా ఆమెను తన సినిమా వాళ్ల బల్ల దగ్గర కాకుండా గోడవారగా వేరే చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడి నుంచి లేచి వెళ్లి సహాయ నటి ఆస్కార్ తీసుకుంది, ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆమే. ఆ ఫలకాన్ని హోవర్డ్ యూనివర్సిటీకి రాసిచ్చి 1952లో చనిపోయింది, తర్వాత అది అక్కడ కనిపించకుండా పోయింది. అకాడమీ వాళ్లు 2023లో కొత్తది చేయించి ఇచ్చారు. 'స్టేజ్‌కోచ్'లో బల్ల, ఈ హోటల్లో బల్ల. ఆ ఏడాది గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ రెండూ కలిసే గుర్తొస్తాయి.

మన దేశంతో ఉన్న ముడి ఒకటి చెబితే మీ పాఠకులకు ఆసక్తిగా ఉండేది. 'గాన్ విత్ ది విండ్'లో నాయిక స్కార్లెట్‌గా వేసిన వివియన్ లీ 1913లో డార్జిలింగ్‌లో పుట్టింది. 'వుదరింగ్ హైట్స్'లో కేథీ వేసిన మెర్ల్ ఒబెరాన్ 1911లో బొంబాయిలో పుట్టింది, పెరిగింది బొంబాయిలోనూ కలకత్తాలోనూ. లారెన్స్ ఒలివియర్ పక్కన కేథీ వేషం వివియన్ లీ కోరుకుంది, అది మెర్ల్ ఒబెరాన్‌కి వెళ్లింది. వివియన్ లీ తనకు చిన్న వేషం ఇస్తామంటే వద్దని, తర్వాత ఒలివియర్‌ని కలవడానికి అమెరికా వెళ్లి స్కార్లెట్ అయింది. అంటే ఆ ఏడాది రెండు పెద్ద ప్రేమకథల నాయికలూ మన నేల మీద పుట్టినవాళ్లే. కానీ వివియన్ లీ ఇంగ్లిష్ వాళ్ల అమ్మాయి, ఆమెకు దాచుకోవాల్సింది లేదు. మెర్ల్ ఒబెరాన్ మిశ్రమ జాతి బిడ్డ. ఆ సంగతి తెలిస్తే వేషాలు రావని ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టానని బతికినంతకాలం చెప్పుకుంటూ వచ్చింది, తనను పెంచిన మనిషిని పనిమనిషి అని పరిచయం చేసిందని ఆమె జీవితచరిత్రలు చెబుతాయి. కేథీగా ఆమె మొహంలో ఉన్న ఆ బెంగ నటన మాత్రమేనా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అదే ఏడాది ఇండియా కథ అని చెప్పి కాలిఫోర్నియా కొండల్లో 'గుంగా దిన్' తీశారు. చురుకైన సినిమా, క్యారీ గ్రాంట్ అద్భుతంగా ఉంటాడు, కానీ అందులో మనవాళ్లు రెండే రకాలు, గొంతు పిసికే థగ్గులు లేదా తెల్లదొర కోసం ప్రాణమిచ్చే నీళ్ల మోతగాడు. బాబూరావ్ పటేల్ తన 'ఫిల్మ్ ఇండియా' పత్రికలో దీన్ని దుమ్మెత్తిపోశాడు, ఇక్కడ కొన్ని రాష్ట్రాల్లో నిషేధించారు కూడా. 'ది రెయిన్స్ కేమ్' అని ఇంకొకటి, రాంచీపూర్ అనే కల్పిత సంస్థానంలో కథ, టైరోన్ పవర్ భారతీయ డాక్టర్ వేషం కట్టాడు. స్పెషల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ మొట్టమొదటిసారి ఇచ్చింది ఆ ఏడాదే, అది 'ఓజ్'కీ రాలేదు, 'గాన్ విత్ ది విండ్'కీ రాలేదు, ఈ సినిమాలో వరదకీ భూకంపానికీ వచ్చింది.

ఇంకొక్క మాట. 1939 మనకూ చిన్న సంవత్సరం కాదు. బి.ఎన్.రెడ్డి మొదటి సినిమా 'వందేమాతరం' ఆ ఏడాదే, నాగయ్య, కాంచనమాలలతో. వై.వి.రావు వితంతు వివాహం మీద 'మళ్ళీ పెళ్ళి' తీశాడు. కాళ్లకూరి నారాయణరావు నాటకం 'వరవిక్రయం' సినిమాగా వచ్చింది, కట్నం మీద కథ, భానుమతి తెరకెక్కింది దాంతోనే. గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' కూడా అప్పుడే. వాషింగ్టన్‌లో సెనేటర్లకు కోపం వస్తే సినిమా ఆగలేదు, మన దగ్గర జమీందార్లకు కోపం వస్తే 'రైతుబిడ్డ'ను నిషేధించారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి మీరు ఒక పేజీ వేస్తే ఆ ఆదివారం పత్రిక నేను దాచుకుంటాను.

అప్పుడు పోస్టర్‌కి బదులు ఏ ఫొటో వేయాలో కూడా చెబుతాను. థామస్ మిచెల్ ఫొటో వేయండి. ఈయన హీరో కాదు. 'స్టేజ్‌కోచ్'లో తాగుబోతు డాక్టర్, దానికే సహాయ నటుడిగా ఆస్కార్ వచ్చింది. 'మిస్టర్ స్మిత్'లో ప్రెస్ గ్యాలరీలో కూర్చునే విలేకరి. 'గాన్ విత్ ది విండ్'లో స్కార్లెట్ తండ్రి. 'ఓన్లీ ఏంజెల్స్ హావ్ వింగ్స్'లో చూపు తగ్గిపోతున్న సంగతి దాచుకునే పైలట్. 'హంచ్‌బ్యాక్'లో బిచ్చగాళ్ల రాజు. అయిదూ ఒకే ఏడాదిలో విడుదలయ్యాయి. చిన్నప్పుడు మేం ఈయన్ని పేరు తెలియక 'మన మావయ్య' అనేవాళ్లం, ఏ సినిమా పెట్టినా వచ్చేస్తున్నాడని. ఫొటో కింద పేరు మాత్రం తప్పకుండా వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కాకినాడ